కుట్టు మానాక

పురిటి గదిలోంచి నర్సు బిడ్డను తెచ్చి నాయనమ్మ చేతుల్లో పెడుతుంది. పొత్తిగుడ్డ తొలగించి చూస్తే పై పెదవి ముక్కు దాకా చీలి ఉంటుంది. ఇక ఆ మంచం చుట్టూ వినబడే మొదటి మాట బిడ్డ పాలు తాగుతున్నాడా అని కాదండి, గ్రహణం నాడు ఏం చేశావమ్మాయ్ అని. కూర తరిగావా? సూదిలో దారం ఎక్కించావా? గుమ్మం దాటావా? నొప్పులు పడి గంట కూడా కాని ఆ పిల్ల గుర్తు తెచ్చుకోవడం మొదలుపెడుతుంది. వెతికితే ఏదో ఒకటి దొరకక మానదు. తొమ్మిది నెలల్లో ఏ ఇల్లాలు కూర తరగకుండా ఉంటుంది?

నేను డాక్టర్ని కాను. కోనసీమలో మలికిపురం, రాజోలు వైపు బడుల్లో పంతులుగా చేసినవాణ్ణి. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల గురించి డాక్టర్లు రేడియోలో చాలాసార్లు చెప్పారు, ఆపరేషన్ల గురించి చెప్పారు. కుట్లు మానాక ఆ పిల్లవాడు వీధిలోకి వస్తాడు, బడికి వస్తాడు, పెళ్లి పందిట్లోకి వస్తాడు. అక్కడ వాడికేం జరుగుతుందన్నది మాత్రం డాక్టర్ల చేతిలో లేదు. ఆ సంగతి మాట్లాడదామని వచ్చాను.

ముందు గ్రహణం సంగతి తేల్చేద్దాం. కడుపులో బిడ్డకు పై పెదవి తయారయ్యేది నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య. అంగిలి కలుసుకునేది ఆరో వారం నుంచి తొమ్మిదో వారం లోపు. అంటే నెల తప్పిందని అమ్మాయి భర్తకు చెప్పేనాటికే చాలామటుకు పెదవి కలవడమో, కలవకపోవడమో జరిగిపోయి ఉంటుంది. ఆరో నెలలో గ్రహణం పట్టిందని ఇంట్లో తలుపులన్నీ మూసి గర్భిణిని పడుకోబెట్టినా, పడుకోబెట్టకపోయినా పెదవికి వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. పెద్దవాళ్లకు 1980 ఫిబ్రవరి 16 గుర్తుండే ఉంటుంది. శనివారం మధ్యాహ్నం, తెలుగునేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లింది. హైదరాబాదు దగ్గర జాపాల్ రంగాపూర్‌లోని ఉస్మానియా వేధశాలకు శాస్త్రవేత్తలు చూడటానికి వస్తే, జనం చూడకుండా ఇళ్లలో దాక్కున్నారు. మన కోనసీమలోనూ సూర్యుడు చాలావరకు కప్పుకుపోయాడు. అలాంటి గ్రహణం మళ్లీ ఎప్పుడో గానీ రాదు. మొర్రి పిల్లలు మాత్రం ఏడాది పొడవునా, గ్రహణం ఉన్న నెలలోనూ లేని నెలలోనూ పుడుతూనే ఉన్నారు.

ఈ భయం మనకొక్కళ్లకే ఉందనుకోకండి. మెక్సికోలో గ్రహణం రోజున గర్భిణులు బట్టలకు పిన్నీసో ఇనప తాళంచెవో తగిలించుకుంటారు. కారణం కూడా అచ్చం మనదే, బిడ్డ పెదవి చీలకూడదని. సముద్రాల అవతల కూడా తల్లే దోషి.

ఎంతమందికి వస్తుందో మన రాష్ట్రంలోనే లెక్క కట్టారు. హైదరాబాదుకు చెందిన సర్జన్ డాక్టర్ గోస్ల శ్రీనివాస్ రెడ్డి, ఆయన సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్కలు తీసి 2010లో ప్రచురించారు. వెయ్యి కాన్పులకు 1.09, అంటే వెయ్యిలో ఒకరి కంటే ఒక పిసరు ఎక్కువ. అందులో నూటికి 65 మంది మగపిల్లలు. ఒకవైపే చీలినవాళ్లలో ఎక్కువమందికి ఎడమవైపు. ఇంకో సంగతి కూడా తేలింది, మనకు రుచించనిది. దగ్గరి సంబంధాలు చేసుకున్న దంపతుల పిల్లల్లో ఈ చీలిక చెప్పుకోదగ్గంత ఎక్కువగా కనిపించింది. మేనరికం మన ఇళ్లలో ముచ్చట. ఆస్తి బయటికి పోదు, పిల్ల పరాయి గడప తొక్కదు. అందుకే గ్రహణం మీదకు నెట్టేస్తే అందరికీ హాయి. మేనమామకి పిల్లనిద్దామని పట్టుబట్టిన పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనక్కర్లేదు, మంచం మీదున్న పిల్లని అంటే సరిపోతుంది. అలాగని ప్రతి మొర్రికీ మేనరికమే కారణమని కూడా కాదు. చుట్టరికం ఏమీ లేని దంపతులకూ పుడతారు. వంశంలో కొంత, బయటి కారణాలు కొంత కలిసి వస్తాయి. తల్లి చేసిన పాపం అందులో ఎక్కడా లేదు.

సరే, బిడ్డ ఇంటికి వచ్చాడు. అంగిలి కూడా చీలి ఉంటే రొమ్ము పట్టి లాగలేడు, తాగిన పాలు ముక్కులోంచి వస్తాయి. ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో, తల ఎత్తి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పట్టి, మధ్యలో భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. ఒక్కో పూట గంట పడుతుంది. ఆ గంటసేపు తల్లి మొహం ఎలా ఉందన్నది పాలంత ముఖ్యమని నేను చదివి తెలుసుకున్నాను.

ఇంగ్లండులో లిన్ మర్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె బృందం 2008లో ఒక పరిశీలన వెలువరించారు. పుట్టిన కొద్ది రోజులకే పెదవి కుట్టిన పిల్లల్ని, మూడు నాలుగు నెలలకు కుట్టిన పిల్లల్ని, చీలిక లేని పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఆలస్యంగా కుట్టిన పిల్లలు ఏడాదిన్నర వయసులో తెలివితేటల పరీక్షల్లో కొంచెం వెనకబడ్డారు. ఎందుకా అని వెతికితే, బిడ్డకు రెండు నెలలప్పుడు తల్లి ఆ మొహంలోకి ఎంతసేపు చూసిందన్న దగ్గర జవాబు దొరికింది. ఆ తల్లులకు ప్రేమ లేక కాదు. చూస్తే కళ్ల నీళ్లు తిరుగుతాయని చూపు పక్కకు తిప్పుకుని ఉంటారు. బిడ్డ నేర్చుకునేది ఆ చూపులోంచే.

మన దగ్గర పుట్టిన వారానికే కుట్టరు. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ అన్నది డాక్టర్లలో పాతకాలం నుంచీ ఉన్న కొలత. అందుకని మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి, తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు అంగిలికి ఆపరేషన్ చేస్తారు. ఆ నాలుగైదు నెలలూ బిడ్డను ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న వస్తువులా పెట్టకండి. ఎత్తుకోండి, మొహంలో మొహం పెట్టి ఊసులాడండి. ఆ బోసినవ్వు చీలిన పెదవితోనే నవ్వుతాడు, దానికి తిరిగి నవ్వండి. ఫోటో కూడా తీయండి. చాలా ఇళ్లలో ఈ పిల్లల ఆల్బం ఆపరేషన్ తర్వాత మొదలవుతుంది. అంతకు ముందు వాడు లేడా? రేపు వాడికి పదేళ్లొచ్చి నేనెలా పుట్టాను అని అడిగితే చూపించడానికి ఏముంటుంది?

ఆపరేషన్ ఖర్చు గురించి ఎక్కువ చెప్పను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నదే, అందులో ఈ శస్త్రచికిత్సలు ఉన్నాయి. 1999లో మొదలైన స్మైల్ ట్రెయిన్ లాంటి సంస్థలతో కలిసి ఉచితంగా చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. అంగన్‌వాడీ టీచరో, ఆశ కార్యకర్తో, ఏఎన్ఎమ్మో దారి చూపిస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లా నుంచి పింకీ అనే చిన్నపిల్ల వారణాసి వెళ్లి పెదవి కుట్టించుకున్న కథను మేగన్ మైలాన్ డాక్యుమెంటరీగా తీస్తే 2009లో దానికి ఆస్కార్ వచ్చింది. 2013లో వింబుల్డన్ ఫైనల్లో నాణెం ఎగరేసిందీ ఆ పిల్లే. చూసినవాళ్లందరి కళ్లూ చెమర్చాయి. అయితే సినిమా పెదవి బాగయ్యాక అయిపోతుంది. మన ఊళ్లో పిల్లవాడి కథ అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు మాట దగ్గరకు వస్తాను. పెదవి చీలిక కంటికి కనబడుతుంది, అంగిలి చీలిక చెవికి వినబడుతుంది. పెదవి బాగా కుడితే సన్నటి గీత మిగులుతుంది, కొంతకాలానికి ఎవరూ పట్టించుకోరు. అంగిలి అలా కాదు.

మనకు కాలవలు తెలుసు, లాకులు తెలుసు. లాకు తలుపు వేస్తే నీరు మనం చెప్పిన వైపు వెళుతుంది, తలుపు సరిగ్గా పడకపోతే సందులోంచి కారిపోతుంది. నోటి వెనక, కొండనాలుక ఉన్నచోట మెత్తటి అంగిలి చేసే పని అదే. మనం ‘ప’ అన్నప్పుడు అది పైకి లేచి ముక్కు దారి మూసేస్తుంది, గాలి నోట్లో బిగిసి పెదవుల దగ్గర ఒక్కసారిగా వదులుతుంది. ఆ మూత పడకపోతే గాలి ముక్కులోంచి జారిపోతుంది. క, గ, చ, జ, ట, డ, త, ద, ప, బ, స, వీటన్నిటికీ నోట్లో గాలి బిగియాలి. మ, న, ణ లకు అక్కర్లేదు. వాటికి ఎలాగూ గాలి ముక్కులోంచే పోవాలి.

దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. ఈ పిల్లవాడు ‘అమ్మ’ చక్కగా అంటాడు. ‘నాన్న’ ఇంకా చక్కగా అంటాడు. తల్లీ తండ్రీ పొంగిపోతారు, మావాడికి మాట బాగానే వస్తోందంటారు. ‘మామ్మ’ కూడా వచ్చేస్తుంది. ఆ తర్వాత ‘తాత’ దగ్గర ఆగిపోతాడు. ‘అక్క’ రాదు, ‘అత్త’ రాదు, ‘పప్పు’ రాదు, ‘బాబాయి’ అసలే రాదు. ముద్దుపేరు ‘నాని’ అయితే అదృష్టవంతుడు, రెండు అక్షరాలూ ముక్కువే. అదే మన గోదావరి పేరు ‘సత్తిబాబు’ అని పెట్టారనుకోండి, జీవితంలో ప్రతి కొత్త మనిషి దగ్గరా, నీ పేరేంట్రా అన్న మొదటి ప్రశ్నకే చెమటలు పట్టాలి.

నోట్లో గాలి బిగించలేని పిల్లవాడు ఊరుకోడు, వేరే దారి వెతుక్కుంటాడు. గొంతులోనే గాలిని చటుక్కున ఆపి వదిలి, అదే ‘త’ అనుకుంటాడు, అదే ‘క’ అనుకుంటాడు. వాడికి అది సరిగ్గానే వినబడుతుంది. ఏడాదిన్నరకు అంగిలి కుట్టాక దారి మూసుకున్నా, గొంతు మాత్రం పాత అలవాటు మానదు. దాన్ని మాన్పించాలంటే మాట నేర్పే నిపుణులు, స్పీచ్ థెరపిస్టులు కావాలి. మన ప్రాంతంలో ఆపరేషన్ చేసే డాక్టరు దొరికినంత సులువుగా వాళ్లు దొరకరు. అమలాపురమో, రాజమహేంద్రవరమో, లేదంటే చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపో వెళ్లాలి. వారం వారం వెళ్లాలి. కూలి మానుకుని వారం వారం ఎవరు వెళతారు? ఈ మధ్య ఫోనులో వీడియో పెట్టి నేర్పించే పద్ధతి వచ్చింది. థెరపిస్టును అడిగి, ఇంట్లో చేయించాల్సిన అభ్యాసం రాయించుకుని వస్తే సగం పని అయినట్టే.

ఇక్కడ ఒక మాట. బూరలు ఊదిస్తే, విజిల్ ఊదిస్తే మాట బాగవుతుందని చాలామంది తిరనాళ్లలో బూరలు కొనిస్తారు. కొనివ్వండి, పిల్లవాడికి సరదా. మాట మాత్రం ఊదడంతో రాదు. ‘ప’ రావాలంటే ‘ప’నే పలికించి నేర్పాలి. గాలి ఇంకా జారుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ముక్కు కింద చిన్న అద్దం పట్టుకుని ‘పాప, పాప’ అనిపించండి. పలుకుతుండగానే అద్దం మీద ఆవిరి కమ్మితే డాక్టరుకు చూపించండి. కొందరికి రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు. నాలుగేళ్లకు తెలిస్తే ఒక సంగతి, పద్నాలుగేళ్లకు తెలిస్తే ఇంకో సంగతి.

చెవుల సంగతి మరీ మరిచిపోతారు. అంగిలి కండరాలే చెవి లోపలి గొట్టాన్ని తెరుస్తాయి. అవి సరిగ్గా పనిచేయక మధ్య చెవిలో నీరు నిలుస్తుంది, వినికిడి తగ్గుతుంది. చెవుడు అనేంత కాదు, కాస్త దూరంగా పిలిస్తే పలకడు. ఇంట్లో పెంకితనం అంటారు, బడిలో మొద్దు అంటారు.

బడి అన్నాను కాబట్టి మా వృత్తి వాళ్ల సంగతే చెప్పుకోవాలి. అమెరికాలో లిన్ రిచ్‌మన్ అనే ఆయన 1978లో ఒక పరిశీలన ప్రచురించారు. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల తెలివిని ముందు పరీక్షించి, ఆ తర్వాత వాళ్ల టీచర్లను అంచనా వేయమన్నారు. మొహం మామూలుగా కనబడే పిల్లల విషయంలో టీచర్ల అంచనా సరిపోయింది. మొహంలో తేడా ఎక్కువగా కనబడేవాళ్ల దగ్గర తప్పింది. చురుకైన పిల్లల్ని ఉన్నదానికంటే తక్కువగా లెక్కగట్టారు. మన బడుల్లో దీనికి వేరే పరిశోధన అక్కర్లేదు. రెండో తరగతిలో ఎక్కం అప్పజెప్పమంటే లేచి నిలబడి నేల చూసే పిల్లవాడికి ఎక్కం రాదని రాసుకుంటాం. పలక మీద రాయమంటే పదో ఎక్కం దాకా రాస్తాడు. రాయమని అడగడం తోచాలి, అంతే. అలాగని ఎప్పుడూ రాతలోనే తప్పించేసినా ప్రమాదమే, వాడికి మాట్లాడే సందు మూసేసినట్టు. ముందురోజే వాడికి చెప్పి, రేపు ఈ పద్యం నువ్వు చదువుతావని సాధన చేయించి, మర్నాడు చదివించాలి. మధ్యలో ఎవడైనా నవ్వితే ఆ నవ్వినవాడి సంగతి చూడాలి, చదివేవాణ్ణి కూర్చోబెట్టకూడదు.

నవ్వినవాడి సంగతి నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది.

ఉత్తర ఐర్లండులో ఓర్లా హంట్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ముందు ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నీ పోగేసి చూశారు. 2005లో ప్రచురించిన ఆ సమీక్షలో తేలింది, ఈ పిల్లల్లో ఎక్కువమందికి పెద్ద మానసిక సమస్యలేమీ లేవని. ఇది తల్లిదండ్రులు గుర్తు పెట్టుకోవాలి. మొర్రితో పుట్టినవాడు కుంగిపోయి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. కొందరికి మాత్రం దిగులు, ఆందోళన, తన మొహం తనకు నచ్చకపోవడం ఉంటాయి. ఆ కొందరు ఎవరని మరుసటి ఏడాది వాళ్లే పిల్లల్నీ యువకుల్నీ నేరుగా అడిగారు. మనసు దెబ్బతినడానికి చీలిక ఉండటం కంటే వెక్కిరింతలు పడటమే పెద్ద కారణమని తేలింది.

ఇప్పుడు మన గడ్డ సంగతి ఆలోచించండి. గోదావరి జిల్లాల వెటకారం అంటే మనకు గర్వం. సినిమాల్లో దాన్ని అమ్ముకుంటున్నారు కూడా. ఆయ్ అంటూనే ఎదుటివాడి పరువు తీయడం మన రేవులో, అరుగు మీద, టీ కొట్టు దగ్గర చిన్నప్పటి నుంచీ అబ్బే విద్య. నేనూ ఆ నీళ్లు తాగినవాణ్ణే, అది చెడ్డదని అనను. ఇద్దరు సమానమైనవాళ్ల మధ్య వెటకారం ఒక ఆట. వీడొకటంటే వాడు రెండంటాడు, వినేవాళ్లు నవ్వుతారు, సాయంత్రానికి ఇద్దరూ కలిసి పుంత గట్టున కూర్చుంటారు. ఆటంతా తిరుగుమాటలోనే ఉంది. మరి తిరుగుమాట పలకలేనివాడు ఈ ఆటలో ఎలా ఉంటాడు? వాడి బుర్రలో మనకంటే పదునైన జవాబు సిద్ధంగా ఉండొచ్చు. అది నోట్లోంచి వచ్చేసరికి ముక్కులో పడుతుంది, నలుగురూ ఏంటీ ఏంటీ అంటారు. మళ్లీ చెప్పేసరికి ఆ మాటకున్న పదును పోతుంది. రెండుమూడుసార్లు ఇలా అయ్యాక వాడు ఆడటం మానేస్తాడు. ఎవరేమన్నా ‘ఆయ్’ అంటాడు. ఆ మాటకు అంగిలితో పని లేదు. పిల్లవాడు ఎంత నెమ్మదస్తుడండీ అని మనం మెచ్చుకుంటాం. వాడు నెమ్మదస్తుడు కాదు, వాడికి మాట్లాడే చోటు మనం ఉంచలేదు.

ఊరి పేర్లు పెట్టే అలవాటు ఇంకొకటి. కుంటోడు, నత్తోడు, మొర్రోడు. పెట్టినవాడికి ద్వేషం ఉండదు, ప్రేమగానే పిలుస్తున్నామంటారు. ఇరవై ఏళ్ల తర్వాత పెదవి మీద గీత కూడా కనబడనివాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, అదే పేరుతో పిలుస్తాం. సర్జను తీసేసిన మొర్రిని ఊరు మళ్లీ అతికించింది.

మన ప్రాంతానికి ఇంకొక ముడి ఉంది. అప్పులు తీర్చడానికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లే తల్లులు కోనసీమలో ప్రతి వీధిలో ఉన్నారు. బిడ్డ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతాడు. మొర్రి పిల్లవాడికి ఆపరేషన్ ఒకటి కాదు. పెదవి, అంగిలి అయ్యాక ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య చిగురు ఎముక అతికించడం, పళ్లకు క్లిప్పులు, పదిహేడు పద్దెనిమిదేళ్లకు అవసరమైతే దవడకో ముక్కుకో చివరి సవరణ. ఇవన్నీ అమ్మకు సెలవు దొరికే తేదీల చుట్టూ తిరుగుతాయి. అక్కడి సేఠు సెలవివ్వకపోతే చిగురు ఎముక వయసు దాటిపోతుంది. పెద్దావిడ ఒక్కతే ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, కాగితాలు చదవలేదు. ఆమెకు చేతనైన ప్రేమ ఒకటుంది, పిల్లవాణ్ణి దాచడం. అంతర్వేది తీర్థానికి ఊరంతా పోతుంది, వీణ్ణి ఇంట్లో ఉంచుతుంది, నలుగురి నోళ్లలో పడతాడని. పెళ్లికి తీసుకెళ్లదు. దుకాణానికి పంపదు. అడిగినవాళ్లకు వాడి బదులు తానే జవాబు చెబుతుంది. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. వాడు మాత్రం తన తరఫున ఎవరో మాట్లాడతారన్న అలవాటుతో పదేళ్లవాడవుతాడు.

దాచే బదులు ఒక చిన్న పని నేర్పవచ్చు. బ్రిటన్‌లో జేమ్స్ పార్ట్‌రిడ్జ్ అనే ఆయన కాలిన గాయాలతో మొహం మారిపోయినవాడు. 1992లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టి, మొహంలో తేడా ఉన్నవాళ్లు జనంలో ఎలా మసలుకోవాలో నేర్పించారు. ఎవరైనా అడిగితే ముందు రెండు ముక్కల్లో చెప్పేయడం, కంగారు పడక్కర్లేదనడం, వెంటనే మాట వేరే దానిమీదకు తిప్పేయడం. మన భాషలో పెట్టుకుంటే, పుట్టినప్పుడు పెదవి కలవలేదు, డాక్టరుగారు కుట్టారు, ఇప్పుడు నొప్పేం లేదు, క్రికెట్ ఆడదామా? ఇది వాడు ఇంట్లో పదిసార్లు అని ఉంటే బయట పదకొండోసారి తడబడడు. అన్నట్టు, ఆపరేషన్ ముందు ఫోటో ఇక్కడ పనికొస్తుంది. తన కథ తనకు తెలిసినవాడే బయటివాడికి చెప్పగలడు.

చరిత్రలో ఇద్దరి సంగతి చెబుతాను. క్రీస్తు శకం 390 ప్రాంతంలో చైనాలో వెయ్ యాంగ్‌చీ అనే పేద కుర్రాడు, పద్దెనిమిదేళ్లవాడు, మొర్రి పెదవి కుట్టే వైద్యుడున్నాడని విని వెతుక్కుంటూ వెళ్లాడు. కోసి కుడతాను గానీ వంద రోజులు జావ తాగి ఉండాలి, నవ్వకూడదు, మాట్లాడకూడదు అన్నాడు వైద్యుడు. సగం జీవితం మౌనంగా ఉండమన్నా ఉంటాను, వంద రోజులెంత అన్నాడట ఆ కుర్రాడు. తర్వాత పెద్ద పాలనాధికారి అయ్యాడని చైనా చరిత్రల్లో ఉంది. పెదవి కోసం సగం జీవితం మాట వదులుకుంటానన్నాడంటే, ఆ పెదవితో అప్పటిదాకా ఎలా బతికాడో ఊహించుకోవచ్చు.

రెండోవాడు మన కాలంవాడు. యూర్గెన్ హాబర్‌మాస్, 1929లో జర్మనీలో పుట్టిన తత్వవేత్త. అంగిలి చీలికతో పుట్టాడు. పుట్టగానే ఒక ఆపరేషన్, అయిదేళ్లకు ఇంకొకటి. 2004లో జపాన్‌లో క్యోటో బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో ఆ చిన్నతనం గురించి చెప్పారు. ఆసుపత్రి మంచం మీద మనిషికి మనిషి మీద ఎంత ఆధారపడాలో తెలిసిందన్నారు. బడిలో తన ముక్కుమాట తోటివాళ్లకు అర్థమయ్యేది కాదని, తను అలా పలుకుతున్నట్టు తనకే తెలియదని, ఆటస్థలంలో చిన్నచూపు పడ్డానని, మాట కంటే రాత మీద మమకారం అందుకే ఏర్పడిందని చెప్పారు. మనుషులు ఒకరి మాట ఒకరు విని, బలప్రయోగం లేకుండా వాదించుకుని ఒక అంగీకారానికి రావడమే ప్రజాస్వామ్యానికి పునాది అని ఆయన జీవితమంతా రాశారు. ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ఆ పుస్తకాలు చదువుతారు. మన పిల్లలందరూ తత్వవేత్తలు కానక్కర్లేదు, కొబ్బరి వ్యాపారం చేసుకున్నా చాలు. నేలచూపులు చూస్తున్న పిల్లవాడి బుర్రలో ఏం నడుస్తోందో పైనుంచి చూసేవాడికి తెలియదని చెప్పడానికే ఈ కథ.

పెళ్లి సంబంధాల మాట ఎత్తకుండా ముగిస్తే నన్ను వదలరు. మొర్రితో పుట్టినవాళ్లకు పుట్టే పిల్లలకూ అదే వస్తుందని సంబంధాలు తప్పించేస్తారు. అక్కకు కూడా తమ్ముడి వంక పెట్టి తప్పించిన ఇళ్లున్నాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి చీలిక ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి నాలుగు. అంటే తొంభై ఆరు మంది మామూలుగా పుడతారు. అదే ఇంట్లో మేనరికం కలుపుతామంటే ఎవరూ అడ్డు చెప్పరు. మన లెక్కలు అలా ఉంటాయి.

శ్రోతల్లో అంగన్‌వాడీ టీచర్లు, బడి టీచర్లు, మనవల్ని సాకుతున్న అమ్మమ్మలు ఉంటారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఆ డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తుంది. పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలెవరినైనా చూపించవచ్చు. పెదవి ఎప్పుడో కుట్టేశారు కదా అని ఆ రోజు పిల్లవాణ్ణి ఇంట్లో ఉంచేయకండి. చెవి పరీక్ష చేయించమని అడగండి, మాట కోసం జిల్లా కేంద్రానికి రాసివ్వమని అడగండి. తల్లి గల్ఫ్‌లో ఉంటే ఆపరేషన్ తేదీలు ఏడాది ముందే డాక్టరు దగ్గర తెలుసుకుని ఆమెకు ఫోనులో చెప్పండి, సెలవు అప్పటికి పెట్టుకుంటుంది. జూన్‌లో బడులు తెరుస్తారు. మీ తరగతిలోకి అలాంటి పిల్లవాడు వస్తే మొదటి వారంలోనే వాడి పేరు వాడి చేతే చెప్పించండి. చెప్పడానికి ఎంతసేపు పట్టినా ఆగండి. ఊరు పెట్టిన పేరుతో వాణ్ణి ఎవరు పిలిచినా, అది ఎంత పెద్ద మనిషైనా సరే, అక్కడికక్కడే వద్దని చెప్పండి.